పాటకూ పాటకూ మధ్య ఆ రెండు నిమిషాలు

ప్రశ్న: పేరు రాయవద్దని కోరిన ఒక గాయని పంపిన ఉత్తరం ఇది. పెద్దది కనుక ముఖ్యమైన విషయాలను ఇక్కడ క్లుప్తంగా ఇస్తున్నాం. తొమ్మిది మంది ఉన్న ఒక సంగీత బృందంలో ఆమె పన్నెండేళ్ళుగా ప్రధాన గాయని. ఆ తొమ్మిది కుటుంబాలకూ వేదిక కార్యక్రమాలే ఆధారం. రెండు నెలల క్రితం ఒక కచేరీలో, చివరి పాటకు ముందు, ఒక ప్రాజెక్టు కోసం ఊళ్ళను ఖాళీ చేయిస్తున్న తీరు గురించి ఆమె రెండు నిమిషాలు మాట్లాడారు. ముందుగా అనుకుని మాట్లాడింది కాదు. ఆ రోజు పొద్దున చూసిన వార్త ఒకటి మనసును వదలకపోవడంతో మాట బయటికి వచ్చేసింది. కొందరు చప్పట్లు కొట్టారు. వెనుక వరసలో ఒకాయన లేచి నిలబడి, "పాట పాడమ్మా, ప్రసంగం వినడానికి రాలేదు" అన్నాడు. ఎవరో తీసిన వీడియో అందరి ఫోన్లలోకీ చేరింది. బూతులు, బెదిరింపులు మొదలయ్యాయి. ఇద్దరు నిర్వాహకులు ఖాయం చేసుకున్న కార్యక్రమాలను రద్దు చేసి అడ్వాన్సు వెనక్కి అడిగారు.

బృందాన్ని నడిపే కీబోర్డు కళాకారుణ్ణి ఆమె మొదటి నుంచీ అన్నయ్య అనే పిలుస్తారు. "మన బృందానికి రాజకీయాలు వద్దు" అంటూ, ఇకపై వేదిక మీద గాని బయట గాని ఏ రాజకీయ విషయమూ మాట్లాడనని కాగితం రాసి సంతకం పెట్టమని ఆయన అడిగారు. తబలా వాయించే ఆయన ఒక్క మాటా అనలేదు గాని, రిహార్సల్ అయిపోగానే తబలాలు సర్దుకుని ఆమె వంక చూడకుండా వెళ్ళిపోతున్నారు. ఆయన పిల్లల ఫీజుల గడువు ఈ నెలలోనే ఉందని ఆమెకు తెలుసు. ఇదే బృందం కిందటి ఏడాది అధికార పార్టీ విజయోత్సవంలో పాడింది, ఆమె కూడా పాడారు. అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇంతలో ప్రతిపక్షం వారు వచ్చి, ఎన్నికల ప్రచార గీతం పాడితే మామూలుగా తీసుకునే దానికి మూడింతలు ఇస్తామని ఆమె ఒక్కరినే అడిగారు. "నేను చేసింది తప్పా? సంతకం పెట్టాలా? ప్రచార గీతం పాడాలా? ఆ రాత్రి నుంచి ప్రేమ పాటలు పాడుతుంటే అబద్ధం ఆడుతున్నట్టు ఉంది" అని ఆమె రాశారు.

సమాధానం: మీ ఉత్తరంలో నాలుగు వేరువేరు పనులు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. చుట్టూ జరుగుతున్నదాన్ని పాటలోకే తీసుకురావడం ఒకటి. పాటకూ పాటకూ మధ్య ఆగి ప్రేక్షకులకు మీ అభిప్రాయం చెప్పడం ఇంకొకటి. వేదిక దిగిన తరువాత, మీ సొంత పేరుతో, పౌరురాలిగా మాట్లాడటం మూడోది. ఒక పార్టీ కోసం పాడటం నాలుగోది. మీరు చేసింది రెండోది. అన్నయ్యగారు మానేయమంటున్నది రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపి. ప్రతిపక్షం వారు అడుగుతున్నది నాలుగోది. మీ మనసు నిజంగా వెతుక్కుంటున్నది మొదటిదేమోనని నాకు అనిపించింది. వీటిలో ఒక్కొక్కదానికి చెల్లించవలసిన మూల్యం వేరు, ఆ మూల్యం ఎవరి జేబులోంచి పోతుందన్నదీ వేరు. వినోద కళాకారులు రాజకీయాల జోలికి వెళ్ళవచ్చా అని మొత్తంగా అడిగితే వాదన ఎంతకీ తెగదు. ఈ నాలుగింటిలో ఏది, ఎప్పుడు, ఎవరి ఖర్చుతో అని అడిగితే కొంత దారి కనిపిస్తుంది.

ముందుగా "మన బృందానికి రాజకీయాలు వద్దు" అన్న మాట చూద్దాం. కిందటి ఏడాది విజయోత్సవంలో మీరంతా పాడింది రాజకీయం కాకపోతే, ఈ ఏడాది మీరు మాట్లాడింది మాత్రమే రాజకీయం ఎలా అయింది? గెలిచినవారి వేదిక మీద పాడితే వృత్తి అని, ఓడినవారి గురించో నష్టపోయినవారి గురించో మాట్లాడితే రాజకీయం అని అనుకోవడం చాలా పాత అలవాటు. పెదవి విప్పకుండా పాడి వచ్చినంత మాత్రాన ఆ పని రాజకీయానికి దూరమైపోదు. వర్ణవివక్ష పాలన సాగుతున్న దక్షిణాఫ్రికాకు వెళ్ళి కార్యక్రమాలు చేసిన వినోద కళాకారుల పేర్లతో ఐక్యరాజ్యసమితి 1983 నుంచి ఒక జాబితాను ప్రచురించింది. ఆ జాబితాలోకి ఎక్కడానికి వేదిక మీద ప్రసంగం చేసి ఉండనక్కరలేదు. వెళ్ళి, పాడి, డబ్బు తీసుకుని రావడమే చాలు. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, ప్రభుత్వ ప్రచార కార్యక్రమానికి సహకరించలేదన్న కారణంగా హిందీ సినీ గాయకుడు కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణిలోనూ దూరదర్శన్‌లోనూ నిలిపివేశారు. ఆయన ప్రసంగాలేమీ చేయలేదు, రానన్నారు, అంతే. కళాకారుడు రాజకీయాన్ని ముట్టుకోకపోయినా రాజకీయం కళాకారుణ్ణి ముట్టుకున్న సందర్భాలు ఇలా ఎన్నో ఉన్నాయి. 1984 ఎన్నికల ప్రచారంలో అమెరికా అధ్యక్షుడు రీగన్, తనకు ఏ మద్దతూ ప్రకటించని రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటల్లోని ఆశావాదాన్ని పొగుడుతూ ఆయన పేరును తన సభలో వాడుకున్నారు. అదీ ఇలాంటిదే.

అయితే ఈ వాదనతో అన్నయ్యగారిని నిలదీయమని నేను అనడం లేదు. ఆ విజయోత్సవం డబ్బు తొమ్మిది ఇళ్ళకు చేరింది, మీ ఇంటికీ చేరింది. ఆయన మాటలో వైరుధ్యం ఉంది గాని, ఆయన భయంలో అబద్ధం లేదు.

ఇక వెనుక వరసలో లేచిన మనిషి సంగతి. మీరు ఆయన మాటను అవమానంగా రాశారు. నాకు మాత్రం ఆయన పూర్తిగా తప్పు అనిపించలేదు. టిక్కెట్టు కొన్న మనిషి రెండు గంటల పాటు ఆ కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకున్నది పాట కోసం. మైకు మీ చేతిలో ఉంది, ఆయన చేతిలో లేదు. మీ మాట నచ్చకపోతే జవాబు చెప్పడానికి ఆయనకు మిగిలినవి రెండే దారులు: లేచి అరవడం, లేదా లేచి వెళ్ళిపోవడం. బహిరంగ సభకు వెళ్ళినవాడు ఏ పార్టీ సభకు వెళ్తున్నాడో తెలిసే వెళ్తాడు. కచేరీకి వచ్చినవాడికి ఆ ఎంపిక దొరకలేదు. అలాగని వేదిక మీద ఎన్నడూ మాట్లాడకూడదని దీని అర్థం కాదు. మాట్లాడినప్పుడు కొందరు ఎదురు తిరగడం వారి హక్కు అని ముందే ఒప్పుకుని మాట్లాడాలని మాత్రం అర్థం. చప్పట్లు కొట్టినవారు రసికులు, అరిచినవాడు అనాగరికుడు అని లెక్క కట్టుకుంటే ఈ పని ఎక్కువ కాలం చేయలేరు.

మీ పరిస్థితికి చాలా దగ్గరగా ఉన్న ఉదాహరణ ఒకటి ఉంది. 2003 మార్చిలో, ఇరాక్ యుద్ధం మొదలవడానికి పది రోజుల ముందు, డిక్సీ చిక్స్ అనే ముగ్గురు మహిళల అమెరికన్ బృందం లండన్‌లో కచేరీ చేస్తుండగా, ప్రధాన గాయని నటలీ మేన్స్ పాటల మధ్య ఆగి, ఈ యుద్ధం తమకు వద్దని, అధ్యక్షుడు తమ టెక్సాస్ రాష్ట్రం వాడైనందుకు సిగ్గుపడుతున్నామని అన్నారు. ఒకటి రెండు వాక్యాలే. స్వదేశంలో చాలా రేడియో స్టేషన్లు వారి పాటలను ఆపేశాయి, కొన్నిచోట్ల వారి సీడీలను పోగుపోసి ధ్వంసం చేశారు, చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. 2007లో అదే బృందం అమెరికాలో సంగీతానికి ఇచ్చే గ్రామీ పురస్కారాలు ఐదు అందుకుంది. ఈ కథను సాధారణంగా ధైర్యానికి దక్కిన విజయంగా చెబుతారు. నేను మీకు గుర్తుచేయదలచుకున్నది వేరే. మాట్లాడింది ఒక్కరు, దెబ్బ తగిలింది ముగ్గురికి. మిగిలిన ఇద్దరూ ఆమె పక్కన నిలబడ్డారు కనుక బృందం నిలిచింది. అలా నిలబడాలా వద్దా అని వారిని ముందుగా అడిగినవారు లేరు, మాట వచ్చేసిన తరువాతే వారు తేల్చుకోవలసి వచ్చింది. వాళ్ళు అప్పటికే దేశమంతటా పేరున్నవారన్నది కూడా మరువకూడదు. మీ తబలా కళాకారుడికి నాలుగేళ్ళు ఆగి పురస్కారం అందుకునే స్తోమత ఉండదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. మీరు చెప్పిన విషయంలో తప్పు లేదు, చెప్పడానికి మీకు హక్కు లేకపోలేదు. మీతో పాటు అదే వేదిక మీద నిలబడి ఉన్న ఎనిమిది మంది పేరును కూడా వారిని అడగకుండా ఆ మాటకు జతచేశారు. తబలా ఆయన మౌనంలో ఉన్నది మీ అభిప్రాయం మీద కోపం కాకపోవచ్చు. మీరు ఆయనను లెక్కలోకి తీసుకోలేదన్న బాధ కావచ్చు. ఆయనతో విడిగా, అన్నయ్యగారి మధ్యవర్తిత్వం లేకుండా మాట్లాడండి. అభిప్రాయానికి క్షమాపణ చెప్పనక్కరలేదు, అడగనందుకు చెబితే చాలు. రద్దయిన రెండు కార్యక్రమాల నష్టంలో ఆయన వాటాను మీ వాటా నుంచి సర్దగలిగితే, ఆ సంభాషణ ఇంకా తేలికవుతుంది.

మరొక్క మాట, కొంచెం కటువుగా ఉండవచ్చు. ఆ పొద్దున చూసిన వార్త ఆధారంగా మాట్లాడానని రాశారు. ఖాళీ చేయిస్తున్న ఊళ్ళ వారిలో ఎవరితోనైనా మాట్లాడారా? వారికి ఏం ఇస్తామన్నారో, ఏం ఇచ్చారో తెలుసా? నటి జేన్ ఫోండా 1972లో ఉత్తర వియత్నాం వెళ్ళినప్పుడు విమాన విధ్వంసక తుపాకీ మీద కూర్చున్న ఫోటో ఒకటి వెలువడింది. యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు ఆమె ఎన్నడూ చింతించలేదు గాని, ఆ ఫోటోకు మాత్రం తరువాతి దశాబ్దాల్లో పదే పదే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. పేరున్నవారి తొందరపాటు వారు బలపరచదలచుకున్న పక్షానికే బరువవుతుంది. మీ రెండు నిమిషాల్లో ఒక్క వివరం తప్పుగా ఉంటే, నిర్వాసితుల గోడు పక్కకు పోయి ఆ తప్పు గురించే చర్చ జరుగుతుంది.

ప్రేమ పాటలు అబద్ధంలా ఉన్నాయన్న మీ మాటతో నేను ఏకీభవించలేను. ఊరు పోగొట్టుకున్న మనిషికి ప్రేమ పాట వద్దని ఎవరు చెప్పారు? కష్టంలో ఉన్నవారు కష్టం గురించే వినాలనుకుంటారన్నది, కష్టంలో లేనివారి ఊహ. మీరు ఇప్పుడు పాడుతున్న పాటలకు విలువ తగ్గలేదు. వాటి పక్కన ఇంకొక రకం పాట కూడా ఉండాలని మీలోని గాయని కోరుకుంటోంది, అంతవరకే ఆ అసంతృప్తిని నమ్మండి.

ఆ ఇంకొక రకం పాటే మొదటి దారి, నాకు ఎక్కువ నమ్మకం ఉన్న దారి కూడా అదే. హిట్లర్‌ను వెక్కిరిస్తూ చార్లీ చాప్లిన్ 1940లో తెచ్చిన చిత్రంలో, నియంత భూగోళం బొమ్మ వేసి ఉన్న బెలూనును ఎగరేసుకుంటూ, మురిసిపోతూ నృత్యం చేస్తాడు, చివరికి అది చేతిలో పేలిపోతుంది. ఆ నృత్యం సాగుతున్నంతసేపూ మాటలు లేవు. అదే చిత్రం చివర చాప్లిన్ కెమెరాలోకి సూటిగా చూస్తూ కొన్ని నిమిషాల పాటు ప్రసంగిస్తాడు. ఆ ప్రసంగం కథలో ఇమడలేదని ఆనాడే కొందరు విమర్శించారు, దాన్నే గొప్పగా చెప్పేవారు ఈనాటికీ ఉన్నారు. నా మట్టుకు నాకు బెలూనే ఎక్కువ పదునుగా కనిపిస్తుంది. ప్రసంగానికి తల ఊపాలా వద్దా అని ప్రేక్షకుడు నిర్ణయించుకోవాలి, బెలూను దగ్గర నవ్వు ముందే వచ్చేస్తుంది. మీరు చెప్పిన రెండు నిమిషాల్లో, పొయ్యి రాళ్ళు కూడా వదలకుండా బండిలో వేసుకుని వెళ్తున్న ముసలామె గురించి ఒక వాక్యం ఉందని రాశారు. అది ప్రసంగంలో వాక్యం కాదు, పాటకు పల్లవి. ఆమె గురించి పాట రాయించండి, లేదా రాయండి. అది బాగుంటే వెనుక వరస మనిషి కూడా వినవచ్చు. వినకపోతే పాట నచ్చలేదంటాడు, అది మీకు అలవాటైన విమర్శే. అయితే ఈ దారి నెమ్మదైనది, పాట తయారయ్యే లోపు ఊరు ఖాళీ అయిపోవచ్చు. అందుకే ఇదొక్కటే చాలని చెప్పలేను.

ఇప్పుడు అన్నయ్యగారి కాగితం. అందులో రెండు వేరువేరు కోరికలు ఉన్నాయి. బృందం వేదిక మీద ముందుగా అనుకోని మాటలు మాట్లాడకూడదన్నది న్యాయమైన కోరిక, ఆ మేరకు ఒప్పుకోవడంలో మీకు పోయేదేమీ లేదు. అయితే ఆ నియమం ఏకపక్షంగా ఉండకూడదు. ఏ పార్టీ ఉత్సవంలోనైనా పాడాలంటే అందరి సమ్మతి కావాలని, వద్దనుకున్నవారు ఆ రోజుకు తప్పుకోవచ్చని కూడా అందులో రాయమనండి. బయట కూడా మాట్లాడకూడదన్నది వేరే సంగతి. మీరు బృందానికి ఇచ్చింది మీ గొంతునూ, మీ సమయాన్నీ మాత్రమే, ఓటరుగా మీకున్న నోటిని కాదు. ఆ రెండో భాగం మీద సంతకం పెడితే ఇంట్లో శాంతి ఉంటుంది గాని, మీ ఉత్తరం చూస్తే ఏడాది తిరక్కుండానే మీరు దాన్ని ఉల్లంఘిస్తారని నాకు తోస్తోంది, అప్పుడు మాట తప్పారన్న నింద కూడా వస్తుంది. పూర్తిగా నిరాకరిస్తే, బృందం మరో గాయనిని వెతుక్కోవచ్చు. దానికి సిద్ధంగా ఉన్నారా లేదా అన్నది డబ్బు లెక్క వేసుకుని చూడండి, ఆవేశంలో కాదు. మధ్యే మార్గంగా, బృందం పేరు, ఫోటోలు లేకుండా, విడి ఖాతాలో, "ఇది నా వ్యక్తిగత అభిప్రాయం" అని స్పష్టంగా రాసి మాట్లాడటానికి వారు ఒప్పుకోవచ్చు. జనం ఆ తేడాను ఎప్పుడూ పాటించరన్నది నిజమే, మీరు ప్రధాన గాయని కనుక మీ ముఖమే బృందం ముఖం. అయినా నిర్వాహకుడికి చూపించడానికి అన్నయ్యగారి చేతిలో ఒక కాగితం ఉంటుంది.

మాట్లాడకుండానే పని చేసినవారూ ఉన్నారు. గాయకుడు హ్యారీ బెలఫాంటే బహిరంగంగానూ మాట్లాడారు గాని, అమెరికా పౌరహక్కుల ఉద్యమానికి ఆయన డబ్బు రూపంలో చేసిన సాయం అంతకంటే తక్కువది కాదు. 1964లో ఆయన, నటుడు సిడ్నీ పోయిటియర్ సుమారు 70,000 డాలర్ల నగదును స్వయంగా మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్‌కు తీసుకువెళ్ళి ఉద్యమకారులకు అందించారు, దారిలో ఉద్యమ వ్యతిరేకులు వారి కారును వెంబడించారు కూడా. గాయని డాలీ పార్టన్ ఏ పార్టీ వైపూ మాట్లాడకుండా దశాబ్దాలు గడిపారు. 1995లో మొదలుపెట్టిన పథకం ద్వారా పసిపిల్లలకు ఉచితంగా పుస్తకాలు పంపుతూ వచ్చారు. ఒక కచేరీ వాటాను నిర్వాసితుల న్యాయ ఖర్చులకు ఇస్తే, రెండు నిమిషాల మాట కంటే వారికి ఎక్కువ ఉపయోగపడవచ్చు. మీకు మాత్రం ఊపిరాడనట్టు ఉండే అవకాశం ఉంది, మీ స్వభావం మీకే తెలుసు.

గొంతెత్తే దారినే ఎంచుకుంటే, దాని పూర్తి మూల్యం కూడా తెలిసి ఉండాలి. జాతి వివక్షకు వ్యతిరేకంగా గొంతెత్తిన గాయకుడు పాల్ రోబ్సన్ పాస్‌పోర్టును అమెరికా ప్రభుత్వం 1950లో రద్దు చేసింది, 1958 దాకా తిరిగి ఇవ్వలేదు. ఆ మధ్యలో ఆయన కెనడా సరిహద్దు వద్ద లారీ మీద నిలబడి అవతలి వారికి వినిపించేలా పాడారు, 1957లో టెలిఫోన్ తీగ ద్వారా లండన్ శ్రోతలకు పాడారు. దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా 1963లో ఐక్యరాజ్యసమితి ముందు వర్ణవివక్షకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినందుకు పౌరసత్వాన్ని కోల్పోయి, 1990లో గాని సొంత దేశంలో అడుగుపెట్టలేకపోయారు. మీకు అంత జరుగుతుందని భయపెట్టడానికి కాదు ఇది. వీరిద్దరూ ఏదో ఒక రాత్రి నోరు జారి అక్కడికి చేరినవారు కారు. ఏళ్ళ తరబడి ఒకే విషయం మీద నిలబడ్డారు, ఆ విషయం వారికి కంఠతా తెలుసు.

ప్రచార గీతం విషయంలో నా అభిప్రాయం దాచుకోను: ఇప్పుడు వద్దు. పార్టీ కోసం పాడటం నీచమని కాదు. ఎన్‌.టి. రామారావు 1982లో పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. అమితాబ్ బచ్చన్ 1984లో లోక్‌సభకు గెలిచి 1987లో రాజీనామా చేసి సినిమాల్లోకి వచ్చేశారు. పూర్తిగా దాటినవారు ఉన్నారు, వెళ్ళి తిరిగి వచ్చినవారూ ఉన్నారు. మీరు దాటదలచుకున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ప్రచార గీతంలో మాటలు మీవి కావు. అది పాడిన మర్నాటి నుంచి, నిర్వాసితుల గురించి మీరు ఏం చెప్పినా ఆ పార్టీ చెప్పించిందనే అంటారు, కిందటి రెండు నిమిషాలను కూడా ఆ డబ్బు ఖాతాలోనే రాస్తారు. రేపు ఆ పార్టీయే అధికారంలోకి వచ్చి అదే ప్రాజెక్టును కొనసాగిస్తే, మీ గొంతుతో ఉన్న పాటను వెనక్కి తీసుకోలేరు. అన్నీ ఆలోచించి, వారి పక్షాన్ని నిజంగా నమ్మి ఒప్పుకోవాలనిపిస్తే, సాహిత్యం ముందుగా చూడండి. ఎన్నికల తరువాత పాటను వాడకూడదని ఒప్పందంలో రాయించుకోండి. తీసుకున్న డబ్బు సంగతి అడిగినవారికి దాచకుండా చెప్పడానికి సిద్ధపడండి.

బెదిరింపుల సంగతి చిన్నదిగా తీసుకోకండి. బూతులకు జవాబు ఇవ్వకండి, కానీ ప్రాణహాని గురించిన ప్రతి సందేశాన్నీ తేదీతో సహా భద్రపరిచి పోలీసులకు ఫిర్యాదు చేయండి. అడ్వాన్సు వెనక్కి అడిగిన నిర్వాహకుల ఒప్పంద పత్రాలు తీసి చూడండి. వారంతట వారు రద్దు చేసినప్పుడు అడ్వాన్సు ఎవరికి చెందుతుందో అందులో రాసి ఉంటే, అది బృందం అంతా కలిసి అడగవలసిన విషయం. అన్నయ్యగారితో కాగితం గురించి కూర్చునే రోజే దీన్ని కూడా ముందు పెట్టండి. పార్టీ వారికి ఇంకా ఏ జవాబూ ఇవ్వలేదన్నారు కనుక, ఆ సమావేశం అయ్యే దాకా అలాగే ఉంచండి. వారు ఫోన్లో ఎంత తొందరపెట్టినా ఔననీ కాదనీ అనకండి.